రిమార్కుల గడి

మీ బడి ఎక్కడుందో చూపించమంటే
హైమావతి టీచర్ ఫోన్లోంచి నెట్ లాక్కుని
మ్యాపు మీద గుండుసూది గుచ్చాం.
అది నీళ్ళలో పడింది.
పైనుంచి చూస్తే గొల్లవానితిప్ప
నలుచదరాలుగా కుట్టిన నీలం బొంత,
మధ్యలో మా బడి, ఊడబోయే గుండీ.
"పోన్లెండి, రొయ్యలకీ చదువు కావాలిగా"
అన్నాడు జిలానీ.
టీచర్ కూడా నవ్వింది.

మేం నలుగురం, మూడో గ్రూపు.
పని చిన్నదే:
గొల్లకావిడి చుట్టుపక్కల
ఎన్ని చుక్కలు కనపడితే అన్నీ లెక్కెట్టి
తేదీ, టైము, మబ్బు వేసి పంపాలి.
దేశదేశాల బళ్ళు పంపుతాయట
అన్నీ ఒకే పట్టికలోకి.

మంచుకొండల్లో ఎవరో పిల్లలు
నూట పన్నెండు రాశారు.
మేం తొమ్మిది.
ఎండుమిరపకాయలా వేలాడే చిలీ దేశం నుంచి
ఓ అమ్మాయి ఫోటో పెట్టింది.
అందులో కావిడి తలకిందులు!
"మరి కుండల్లో పాలు ఒలికిపోవా?"
ఏసురత్నం అడిగాడు.
అడిగింది అడిగినట్టే ఇంగ్లీషులో పంపించింది టీచర్.
రెండ్రోజులకి జవాబు:
"ఒలికాయి కదా, మా ఊరి మీద తెల్లగా పారుతున్నాయి."
పాలపుంత
మా నలుగురిలో ఎవరం చూళ్ళేదు.

తొమ్మిది.
మర్నాడూ తొమ్మిది.
మబ్బుపింజ లేని రాత్రి కూడా తొమ్మిదే.
గట్ల పొడుగునా ఫ్లడ్‌లైట్లు,
చెరువులకి ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం.
ఒక్క పావుగంట ఆర్పమని అడిగితే
నీలవేణి వాళ్ళ నాన్న, కాపలా గుడిసెలోంచి:
"దొంగలొత్తారమ్మా, పిట్టలొత్తాయి.
చుక్కలెక్కడికి పోతాయి?"
అదీ రాయమంది నీలవేణి.
రాశాను. గ్రూపులో రాయడం నా పని.

మాఘం చివర, అమావాస్య ముందురోజు
ఎనిమిదీ ఇరవైకి కరెంటు పోయింది.
ముందు లైట్లు.
తర్వాత ఏరియేటర్లు ఒక్కొక్కటే
నీళ్ళని కొట్టడం మానేశాయి.
ఆ చప్పుడు ఆగితే ఊరు ఇలా ఉంటుందని
అప్పటిదాకా తెలీదు నాకు.
పైన ఎవరో
నూకల చేట చేజార్చుకున్నారు.
ముప్పై దాకా వచ్చి లెక్క తప్పాను,
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాను.

నీలవేణి లేదు పక్కన.
డీజిల్ క్యానుతో గట్టు మీద పరిగెడుతోంది.
గాలి అందకపోతే రొయ్య ఎంతసేపుంటుంది?
వాళ్ళ నాన్న జనరేటర్ హ్యాండిల్ తిప్పుతున్నాడు,
అది దగ్గుతోంది, అందుకోవడం లేదు.
మేమూ పరిగెత్తాం.
చీకటికి అలవాటైన కళ్ళు చెదరకుండా
ఎర్ర కాగితం చుట్టిన టార్చి
జిలానీ చెరువు మీదికి తిప్పాడు.
నీళ్ళ మీదంతా కళ్ళు.
నిప్పురవ్వల్లా, జంటలు జంటలుగా
పైకి తేలి, ఊపిరికోసం.
అవెన్నో
ఎవరం లెక్కెట్టలేదు.

ఎనిమిదీ యాభైరెండుకి ఇంజను పట్టింది.
లైట్లు వెలిగాయి, మళ్ళీ తొమ్మిది.
డీజిలు చేతులు పావడాకి తుడుచుకుంటూ
"నలభై ఏడు" అంది నీలవేణి.
ఎప్పుడు లెక్కెట్టావే?
"క్యాను మోస్తా.
గట్టు మీద కిందికి చూడక్కర్లేదు,
కాళ్ళకి తెలుసు."

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాం.
సంఖ్య: నలభై ఏడు.
మబ్బు: లేదు.
రాత్రి ఎలాంటిది? మంచిది, మధ్యరకం, చెడ్డది,
ఒకటే నొక్కాలి.
టీచర్ మౌస్ మీద చెయ్యేసి ఆగిపోయింది.
"మూడు బుట్టల రొయ్య పోయిందండి"
అంది నీలవేణి.
ఆ గడి ఖాళీగా వదిలేశాం.
కింద రిమార్కుల్లో
జరిగింది జరిగినట్టు రాశాను,
అక్షరాలు చాలక ఏసురత్నం పేరు కోసేసింది.

శనివారం జవాబొచ్చింది, ఆ చిలీ పిల్లే.
నలభై ఏడు గురించి ఒక్క ముక్క లేదు.
"మిగతా రొయ్యలు ఎలా ఉన్నాయి?"

నీలవేణి కీబోర్డు తనవైపు లాక్కుంది.
ఒక్క వేలితో
అక్షరం వెతుక్కుంటూ, నొక్కుతూ, చెరిపేస్తూ.
టీచర్ ఫోన్లో ఛార్జింగు ఏడు శాతం.
బెల్లు కొట్టేశారు.
ఎవరం లేవలేదు.