మంచు లెక్క

పాత లుంగీ మూట విప్పి
అల్లిపురంలో నా జిరాక్స్ షాపు బల్ల మీద పెట్టాడు ఎల్లాజీ.
రబ్బరు మీటల కంప్యూటరు.
కొన్నిటి మీద అక్షరాలు వేళ్లకే పోయాయి.
నలభై ఎనిమిది కిలోబైట్లు దాని బుర్రంతా:
పొద్దున్నే నా ఫోనుకొచ్చే గుడ్‌మార్నింగ్ పువ్వు
ఇంతకి రెండింతలు.

ఎనభై ఆరులో, పోర్టు రోడ్డులో,
ఓడ దిగిన పోలెండు నావికుడి దగ్గర
రెండు నెలల జీతం పోసి కొన్నాడట.
అప్పుడాయన ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ గుమస్తా.
ఏ బోటుకి ఎన్ని దిమ్మలు, ఎవరు నగదు, ఎవరు అరువు,
తనే రాసుకున్న ప్రోగ్రాము, తనే నింపిన తొమ్మిది క్యాసెట్లు.
"కరిగిపోయేదానికి మిషను లెక్కేటిరా అని
మా మేనేజరు నవ్వేవోడమ్మా."

ఈ ఊరి గాలి దేన్నీ ఊరికే వదలదు.
వెనకనున్న బంగారు పూత పళ్ల నిండా పచ్చటి చిలుము.
పెన్సిలు రబ్బరుతో రుద్దుతూ కూర్చున్నాను,
బయట ఎవరో ఆధార్ కాపీకి కేకలేస్తున్నా.

నా సర్వరు మూత విరిగిన లాప్‌టాప్,
షట్టరు పెట్టె కింద, ఫ్యాను గాలికి.
లోపల నడిచేది
ఒకరిది కాని, ఎవరైనా విప్పి చూసుకోగల సాఫ్టువేరు.
మొదటి రాత్రి అది మొహమ్మీదే తలుపేసింది:
నీ పలకరింపు పాతది, నీకు తాళం సంగతే తెలీదు, పో.

మధ్యలో అరచేతంత బోర్డొకటి పెట్టాను, దుబాసీగా.
వెనకటికి మన రేవులో దుబాసీలుండేవారట,
ఓడ మాట ఊరికి, ఊరి మాట ఓడకి,
నడుమ కాస్త తమ జేబుకి.
ఇది తనకేమీ ఉంచుకోదు.
అయినా రెండో రాత్రీ కుదరలేదు.

మూడో రాత్రి, కోడు వరస వరసా చదువుతుంటే
ఎవరో, ఏ దేశమో, రెండు పొడి అక్షరాల మనిషి
పాత తలుపు పక్కన ఒక ముక్క రాసి వెళ్లారు:
'దీన్ని తీసెయ్యకండి. ఇంకా ఎవరో ఒకరు వస్తారు.'
వచ్చామండీ, అన్నాను పైకే.
ఒక్క వరస ముందున్న గుర్తు చెరిపేశాను.
గొళ్లెం కదిలింది.

క్యాసెట్లు కూశాయి,
రేకుల మీద వాన, ఆ వానలో ఎవరిదో ఈల.
రెంటికి బూజు. ఏడు మిగిలాయి.
ఆరంగుళాల టీవీలో ఒక్కో బోటూ తేలింది,
నూకాలు, పోలమ్మ రెండు, సెయింట్ ఆంటో
(పదో అక్షరం దగ్గర పేరుకి చోటు చాలలేదు).

వాసుపల్లి దానయ్య. అరవై రెండు దిమ్మలు. అరువు.

ఎల్లాజీ వేలు తెర మీదే ఆగింది.
"ఈ బోటు తిరిగి రాలేదమ్మా. తొంభయ్యో, తొంభయ్యొకటో.
సర్వరులో దాచీ ముందు
ఈ అరవై రెండూ కొట్టేద్దునా?"

మీ లెక్క, మీ ఇష్టం, అన్నాను.
సున్నా మీట కాస్త బిగిసింది, రెండు సార్లు నొక్కాడు.
తీగ మీద దీపం కొట్టుకుంది, సర్వరు పుచ్చుకుంది.

అప్పుడు నిజం చెప్పాల్సొచ్చింది:
ఇది ప్రతి రాత్రీ పాత రూపం కూడా దాస్తుంది తాతా,
నిన్నటి ఫైలు నిన్నటి తారీఖు కింద
అలాగే ఉంటుంది, అరవై రెండుతో.

చాలాసేపు చిలుము పొడి వేళ్లతో నలిపాడు.
"అంటే అరువూ ఉంటాది.
ఒగ్గీసినట్టూ ఉంటాది."
ఉంటాయి.
"కాయితం మీదైతే కొట్టివేతొకటే కనబడును.
ఇదే నయం."

లుంగీ మళ్లీ మూట కట్టి, గుమ్మం దాటబోతూ
నీ డబ్బులు బుధారం ఇస్తానే, అన్నాడు.

ఆయన వెళ్లాక కొత్త ఫైలు తెరిచాను,
అన్నీ పెద్దక్షరాలే, పది లోపు:
ఎల్లాజీ. ఒకటి. అరువు.