కప్పు కింద

మందమర్రి గనిల రాత్రి షిఫ్టు.
దిగేముందు మైసమ్మ కాడ
అందరు బూట్లిప్పుతరు.
మొండయ్య ఇప్పడు.
"ఒట్టి రాయిరా" అంటడు.
నేను ఒక కాలిది ఇప్పి నిలవడ్డోణ్ణి.
"అటో ఇటో తేల్చరాదు" అని నగుతడు.

లోపల కప్పును పారతోని కొట్టి చూస్తం.
ఖంగుమంటే గట్టి,
డొల్లగ మోగితే ఉరుకుడే.
నడుమ ఇంకో సప్పుడుంటది, పేరు లేనిది.
అది ఇన్నప్పుడు మొండయ్య సుత
ఉన్నది అనడు, లేదు అనడు,
మాట లేకుండ
ఓ కట్టె తెచ్చి నిలవెడతడు.

పైకొచ్చినంక చాయ్ బండి కాడ మళ్ల మొదలు:
"ఇరవై రెండేండ్లాయె, తేలిందా?"
తెల్వదు, అంట.

ఆయనకు బయట ఉత్త ఆకాశమే,
కొట్టి చూసేదేం లేదు.
నాకు, ఇంట్ల పండినా
స్లాబు దిక్కే చెవి.