రెండొందల నలభై రియాల్

బురైదా పాత బజార్ల కొన్న రంపం.
డబ్బా మీద పులిబొమ్మ, గ్యారంటీ లేదు.
"గట్టిగ గుంజు, లేస్తది" అన్నడు దుకాణం పఠాన్.

పాతిక పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్,
నీళ్ల సీసా మీద గీత గీసి కొలిచిన.
ఏడుసార్లు గుంజితే దగ్గింది.
ఎనిమిదోసారి
తోటల పావురాలన్నీ లేచినయ్.

పురుగు తిన్న ఖర్జూరం.
నార గొలుసుకు చుట్టుకొని మూడుసార్లు ఆగింది,
విప్పి, తుడిచి, మల్ల పెట్టిన.

ఊర్ల మోకు వేసి ఈతచెట్లెక్కెటోణ్ణి.
గీత ఎంత లోతు పోవాల్నో
కత్తి కన్నా ముందు మణికట్టుకు తెలుసు.
దీనికి లోతు తెల్వది.

చెట్టు పడ్డంక
మోడు తడి వేలితోని తీసి
నాలుకకు రాసుకున్న.
పెట్రోల్.

"మిషిన్ ఎట్లుంది?" ఫోన్ల కఫీల్.
"మంచిగ కోస్తది" అన్న.