ఇరవై పౌన్ల బియ్యం

అమ్మ బియ్యం సంచీ కోసం వెతికింది.
ప్యాంట్రీలో లేదు, గరాజ్‌లో ఫ్రిజ్ పక్కనా లేదు.
మొన్ననే కదా తెచ్చింది, కుట్టు కూడా విప్పని సోనామసూరి,
ఇరవై పౌన్లది.
నేను పలకలేదు.
అది నా మంచం కింద, వీపు బ్యాగులో ఉంది.
ఆ రాత్రి అందరం చపాతీలు తిన్నాం.

తెల్లవారుజామున నాలుగున్నరకి
శాన్ ఆంటోనియోలో వేడి ఇంకా కళ్ళు తెరవదు.
సలాడో వాగు గట్టున మూడు మైళ్ళు నడుస్తాను.
వీపు మీద బియ్యం అడుగడుక్కీ సర్దుకుంటూ
గుసగుసగా ఏదో చెప్పబోతుంది.
వినను.

రిక్రూటింగ్ ఆఫీసు
డోనట్ల కొట్టుకీ నెయిల్ సెలూన్‌కీ మధ్య.
సార్జెంట్ డెల్గాడో నా ఇంటిపేరు
మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆగాడు.
చొక్కా మీద పేరుపట్టీ ఎంత ఉంటుందో వేళ్ళతో చూపించి
"తాళ్ళప్రగడ ఇందులో పట్టాలంటే
అక్షరాలన్నీ ఊపిరి బిగబట్టాలి" అన్నాడు.
నవ్వాను.
ఇంటికొచ్చి స్నానాల గది అద్దం ముందు
గుండె మీద ఆ వెడల్పు కొలుచుకున్నాను.
అది మాత్రం ఇంట్లో చెప్పలేదు.

చెప్పినదానికే ఇల్లు అట్టుడికింది.
"మన ఇంటా వంటా లేదు" అన్నాడు నాన్న.
డాలస్ బాబాయి ఫోన్లోంచి
"వాళ్ళ యుద్ధాల్లో నీకేం పనే?" అన్నాడు.
వాళ్ళంటే ఎవరు బాబాయ్?
నా బొడ్డు కోసింది ఈ ఊళ్ళోనే.
ఓటేసినప్పుడు మనం, పన్ను కట్టినప్పుడు మనం,
తుపాకీ దగ్గరికొచ్చేసరికి వాళ్ళా?

వీళ్ళకి జవాబు చెప్పగలను.
అమ్మకే చెప్పలేను.

అమ్మ కాళ్ళు చేస్తుంది.
మాజీ సైనికుల ఆస్పత్రి వెనక వర్క్‌షాపులో
ప్లాస్టర్ అచ్చులు పోసి, కార్బన్ పొరలు అతికి,
పంతొమ్మిదేళ్ళ వాళ్ళకి
మోకాలి కింద మిగతా మనిషిని అమరుస్తుంది.
గోళ్ళ సందుల్లో తెల్లపొడితో ఇంటికొస్తుంది.
ఎవరి పేర్లూ చెప్పదు. కొలతలు చెబుతుంది.
"ఇవాళ ఎడమది, పదిహేనంగుళాలు.
పిల్లాడిది నీ వయసే."

ఒక రాత్రి, నేను నిద్రపోయాననుకుని,
టేపు తెచ్చి, దుప్పటి మీదనుంచే
నా మోకాలి నుంచి మడమ దాకా కొలిచింది.
కళ్ళు తెరవలేదు నేను.
టేపు గిర్రున వెనక్కి చుట్టుకుపోయిన చప్పుడు
ఇప్పటికీ వినిపిస్తుంది.

ఎందుకే, అని అడుగుతావు.
నాకూ సరిగ్గా తెలీదమ్మా.
జెండా చూస్తే ఒళ్ళు పులకరించే రకం కాదు నేను.
చదువుకి డబ్బిస్తారనీ కాదు.
కొంచెం అదీ ఉందిలే.
కానీ ఆ వేసవి సెలవుల్లో నీతో పనికి తీసుకెళ్ళావే,
ఒకావిడ కొత్త కాలి మీద మొదటిసారి నిలబడి,
కడ్డీలు వదిలేసి,
"మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్తాను" అంది.
నువ్వు తలొంచుకుని బోల్టు బిగిస్తున్నావు.
నువ్వు కాలు చూశావు.
నేను మొహం చూశాను.
నువ్వు చూసింది అబద్ధమని ఎప్పుడూ అనను.

ఈ పొద్దున నేను తిరిగొచ్చేసరికి
గరాజ్ తలుపు దగ్గర నిలబడి ఉంది అమ్మ,
చేతిలో చల్లారిన కాఫీ.
బ్యాగు జిప్పు లాగింది. సంచీ చూసింది.
తిట్టలేదు.
సరే అనీ అనలేదు.
నా వెనక్కొచ్చి,
"బరువు నడుం మీద పడాలి, భుజాల మీద కాదు.
ఇలా మోస్తే నెల తిరక్కుండా వెన్ను పోతుంది" అని
పట్టీలు రెండూ గుంజి బిగించింది,
పనిలో బిగించినట్టే,
ఒక్క వేలు దూరేంత సందుంచి.

ఇంకో మైలు నడుద్దామని వెనక్కి తిరిగాను.
"హైమా," అంది,
"బియ్యం జాగ్రత్త.
రాత్రికి ఎసట్లో పొయ్యాలి."