మీటరు ఎవరి పేరున?

మొయిద జంక్షన్లో, జిరాక్సు కొట్టు వసారాలో
ఒక టేబులు, రెండు కుర్చీలు, నెలకి ఎనిమిదొందలు అద్దె.
'ఏటని రాయమంటావమ్మా?'
బోర్డులు రాసే సింహాచలం అడిగాడు.
'కాలేజీ ఆర్థిక సహాయం, సలహా' అన్నాను.
అక్షరానికింత అని లెక్క కట్టి, నా చేతిలో ఉన్నది చూసి
'కాలేజీ' తీసేశాడు, 'సలహా' తీసేశాడు.
'ఆర్థిక సహాయం' అని ఎర్రరంగులో రాసి
సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మొదటిరోజు వచ్చినావిడ
కొంగుముడి విప్పి చెవిదుద్దులు టేబులు మీద పెట్టింది.
'ఎంతిస్తావు?'
రెండోరోజు ఇద్దరు. వాళ్ళకీ అప్పే కావాలి.
మూడోరోజు వాన.

ఈ పని నాకెవరూ నేర్పలేదు.
ఫీజు బకాయి కింద నా డిగ్రీ కాగితాలు
కాలేజీ బీరువాలో పదమూడు నెలలు పడుకున్నాయి.
వాటిని లేపడానికి తిరిగిన తిరుగుళ్ళలో
ఏ సంతకం ఏ బల్ల దగ్గర ఆగుతుందో,
ఏ గుమస్తా భోజనం తర్వాత మెత్తబడతాడో,
ఆధార్‌లో ఒక్క 'ఐ' ఎక్కువైతే
ఒక పిల్లకి ఏడాది ఎలా పోతుందో
చదువుకున్నాను. నా పీజీ అదే.

నాలుగోరోజు పతివాడ తవిటయ్య వచ్చాడు.
చొక్కా నిండా జనపనార పీచు.
వెనక కూతురు హైమ, పాలిటెక్నిక్ రెండో ఏడు.
'సంవత్సరాదాయం ఎంతండీ?'
ఆయన రోడ్డు మీది నీటిగుంటల కేసి చూశాడు.
'మిల్లు తెరిసిన నెల్లదా, మూసిన నెల్లదా?
ఏటిదని సెప్పమంటావు తల్లీ?'
ఫారంలో గడి ఒక్కటే.
లాకౌటుకి గడి లేదు.

నిరుటి అర్జీ ఎందుకు కొట్టేశారో తీసి చూశాను.
కరెంటు వాడకం ఎక్కువట.
హైమకి నవ్వొచ్చింది.
'రెండు బల్బులండి మాకు. ఫ్యాను ఒకటి, అదీ చప్పుడుకే.'
మీటరు ఎవరి పేరున ఉంది?
'మా బాబుది.'
ఆయన్ని తీసుకురాగలరా?
'పోయి తొమ్మిదేళ్ళయింది.'

అదే మీటరు మీద తమ్ముడి పిండిమర.
పోయినాయన ఇప్పటికీ
ఊరందరి చోళ్ళూ ఆడిస్తూ
మనవరాలి ఫీజు మింగుతున్నాడు
పాపం, తనకి తెలీకుండానే.

మరణ ధ్రువపత్రం కావాలి, పంపకాల కాగితం కావాలి,
తమ్ముడి సంతకం కావాలి.
'అదే కష్టం' అన్నాడు తవిటయ్య.
కాసేపాగి, 'నీకెంతివ్వాల?'

జిల్లాలో ఏ కాలేజీలో ఏ కోర్సుకెంతో
నాకు నోటికొచ్చు.
నా ఫీజు మాత్రం అనుకోనేలేదు.
'పనయ్యాక చూద్దాంలెండి' అన్నాను.
హైమ తలెత్తింది.
'అలాగనకండి మేడం.
కాలేజీవాళ్ళూ మొదట్లో అలాగే అన్నారు.'

వందరూపాయలు తీసుకున్నాను. రసీదు రాశాను.
తవిటయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి
ఆధార్ కార్డు వెనక దోపుకున్నాడు.

తమ్ముడు సంతకం పెడతానన్నాడు, పెట్టనన్నాడు,
ఇప్పుడు ఆలోచిస్తున్నాడు.
ఆ వందా సింహాచలానికిచ్చాను
'సలహా' రాయమని.
రాశాడు.
'కాలేజీ'కి ఇంకో నూటయాభై అవుతుందన్నాడు.