కోయని ఏడు

సిద్దాపుర నర్సరీలో కుర్రాడు
గోనెసంచి ముక్కలో చుట్టి ఇచ్చాడు,
మట్టి అంటిన దుంప,
నా అరచేతికి కొంచెం పెద్దది.
"అల్లమేనా?" అన్నాను.
"అల్లం జాతే అమ్మా. కూరకి కాదు, కంటికి."
నూటఎనభై చెప్పి నూటయాభైకి దిగాడు.

పూలెప్పుడొస్తాయంటే
"బరత్తె, స్వల్ప తాళి" అన్నాడు.
నలభయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నా
ఆ మాట వింటే నా చెయ్యి మెడ మీదికి పోతుంది.
వాళ్ళ భాషలో తాళి అంటే ఓర్చుకోమనడం.
మన తాళీ చాలావరకు అంతే అనుకోండి.

జాలహళ్ళి గడియారాల ఫ్యాక్టరీలో
ఇరవై ఆరేళ్ళు కంటికి భూతద్దం బిగించుకుని
వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో కూర్చోబెట్టినదాన్ని.
సెకనుకి ఐదు కొట్లు.
ఆరైతే వెనక్కి. నాలుగైతే వెనక్కి.
కాలమంటే నాకు భయం లేదు,
రోజుకి నలభై చొప్పున పెట్టెల్లో సర్దాను దాన్ని.

మొక్కకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

మొదటి ఏడు ఆకులు.
రెండో ఏడు ఇంకా పెద్ద ఆకులు, పసుపు చారలవి,
నలిపితే యాలకుల వాసన, కాస్త మిరియం తోడు.
మూడో ఏడు మేనత్త కూతురు కనకవల్లి వచ్చి
"పనసాకులు దొరక్కపోతే
వీటిలో పొట్టిక్కలు వేసుకోవచ్చే!" అంది.

పేడ ఎరువు వేశాను. అరటితొక్కల నీళ్ళు, బియ్యం కడుగు.
కావేరి నీళ్ళు రాని వేసవిలో
ట్యాంకరు పోసిన నీళ్ళలో మూడో బకెట్టు దానికే.
ఎండ చాలదని తూర్పు పిట్టగోడకి లాగాను,
ఎక్కువైందని ట్యాంకు నీడకి లాగాను.
తొట్టి ఈడ్చిన గీతలు మేడ మీద ఇప్పటికీ ఉన్నాయి,
పరీక్ష కాగితం మీద కొట్టివేతల్లా.
మొక్క మాత్రం బెల్లం కొట్టిన రాయి.

ఏటా కార్తీకం వెళ్ళేసరికి, చలికి అంచులు మాడిన కాడలు చూడలేక
మొదలంటా కోసేదాన్ని.
చింపిరిది ఏదీ నా బల్ల దాటి ముందుకి పోయింది లేదు.

నిరుడు కుడికంటికి శుక్లం తీశారు.
నలభై రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు.
మెట్లు తుడిచే గౌరమ్మ, కోలారు వైపు మనిషి,
రోజుకో చెంబు పోసేది.
"కత్తెర అక్కడే ఉంది, ఆ ఎండు కాడలు కాస్త..." అన్నాను.
"ఉండనీ మా, అవి నిన్నేం జేసినాయి?" అంది.
మొక్కల సంగతి తెలిసి కాదు.
మోకాళ్ళ నొప్పి ఆమెకి.

చలి పోయింది. మార్చి ఎండలో కాడలు ఇంకా చింపిరి.
ఏప్రిల్లో మామిడి వాన పడింది,
ఒకటే.
మే రెండో వారం, కొత్త కంటితో పైకి ఎక్కాను.

ఆకులు పీలికలైన కాడ,
నేను కోయాల్సిన కాడ,
కొస వంచుకుని ఉంది.
దాన్నుంచి చిప్పల గుత్తి:
పింగాణీ తెలుపు, మొనకి చంటిపిల్ల గోరంత గులాబి.
ఒకటి అప్పటికే నోరు తెరిచింది.
లోపల పసుపు, పసుపు మీద కుంకుమ గీతలు,
ఎవరో పట్టకారుతో ఒక్కొక్కటీ కూర్చోబెట్టినట్టు.

ఒక చలి దాటిన కాడే పూస్తుందట.
మూడేళ్ళు, ఏటా,
కడుపులో పూత ఉన్నదాన్ని పట్టుకుని
శుభ్రం అనుకుంటూ కోశాను.

ఓర్చినమ్మకు తేటనీరంటారు.
నేను ఓర్చలేదు.
వంగలేకపోయాను, అంతే.

సొరుగులోంచి పాత భూతద్దం తెచ్చుకుని
దాని ముందు పీట వేసుకున్నాను.
చీమ ఒకటి ఎర్ర గీత వెంట లోపలికి పోయింది.
ఎప్పుడు బయటికొస్తుందో చూద్దామని కూర్చున్నాను.
గడియారం కింద ఉండిపోయింది.

గౌరమ్మ చీపురుతో పైకొచ్చింది.
తను అన్న మాట తనకి గుర్తు లేదు.
"కొప్పులో పెట్టుకునేకి వస్తుందా మా?" అంది.
తెరిచిన పువ్వు ఒక్కటే. తుంచి ఇచ్చాను.
"వాసనే లేదే" అంటూనే దోపుకుని
మెట్లు దిగిపోయింది,
చీమతో సహా.