ఇరియాకు, మొదటి రోజున

ఏప్రాన్ ముడి వెనక్కి కాదు, పక్కకి వేసుకో ఇరియా.
తడిచేతులతో విప్పుకోవాల్సి వస్తుంది.
ఈ కత్తెర నీది. పిడికి ఎర్రదారం చుట్టాను,
ఇంకొకరిది పోయినా నీ మీదికి రాకుండా.

తలలు కత్తిరించడం మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది.
డబ్బాలో కవళ్లను తలాతోకా మార్చి పడుకోబెట్టడం
వారంలో వస్తుంది.
సెన్యోర్ బెల్మీరు మాత్రం
నాకు పంతొమ్మిదేళ్లయినా పూర్తిగా రాలేదు.

మాటుజీన్యుష్ రేవు మీద మంచు దిగితే బస్సు ఆలస్యం.
ఆయనకి అది కారణం కాదు.
ఒక బస్సు ముందే ఎక్కు.

మొదట్లో ఆయన నడుముకి తాళాలగుత్తి ఉండేది.
గలగల వినబడగానే
మాటలు గొంతుల్లోకి, వీపులు నిటారుగా.
పిల్లే మెడకి గంట కట్టుకొచ్చిందని నవ్వుకునేవాళ్లం.
ఆ నవ్వుని ఎవరో పైకి మోశారు.
మర్నాటి నుంచి గుత్తి జేబులో, చేతిరుమాలు చుట్టుకుని.
అప్పుడు మేం ఆయన ఎడమ మోకాలి చప్పుడు నేర్చుకున్నాం.
నువ్వూ నేర్చుకుంటావు. మెట్టు దిగేటప్పుడు టక్కుమంటుంది.

సోమవారం ఏదీ అడగకు.
ఆదివారం ఆయన జట్టు ఓడితే మంగళవారం కూడా.
సెలవు కావాలంటే నెలాఖరున, సరుకు ఓడెక్కాక,
నిలబడే అడుగు. కూర్చోమన్నా కూర్చోకు.
కూర్చున్నవాళ్లకి తన చిన్నతనం చెబుతాడు,
నీ సెలవు అందులో మునిగిపోతుంది.

అరిచినప్పుడు కళ్లలోకి చూడకు, నేలా చూడకు.
చొక్కా రెండో గుండీ చూడు.
ఆ గుండీ నాకు మా ఆయన ముఖం కన్నా బాగా తెలుసు.
నాలుగు చిల్లులు, ఎప్పుడూ తెల్లదారం. ఒక ఏడాది నల్లదారం.
ఆ ఏడాదే ఆయన భార్య వెళ్లిపోయింది.
జాలిపడ్డాను. మూడు రోజులు.
నాలుగోరోజు నా వరస డబ్బాలన్నీ కిందికి తోశాడు,
ఒక్క తోక మూతకి అడ్డొచ్చిందని.
ఆయన బరువు ఆయనది ఇరియా.
దాన్ని దించుకునే బల్ల నీ వీపు కాదు.

ఇదంతా తెలివే అనుకున్నాను చాన్నాళ్లు.

కాస్త ఆగు, ఆవిరి యంత్రం మోగనీ.

ఫెలిజ్మీనా అని ఉండేది, నువ్వు నిలబడ్డ చోటే ఆమె చోటు.
ఐదో నెల. మాటిమాటికీ బయటికెళ్తోందని
గడియారం పట్టుకుని తలుపు దగ్గర కాపు కాశాడు.
ఆమె తిరిగొచ్చేసరికి "మూడు నిమిషాల నలభై" అన్నాడు,
వేలంపాటలో ధర పలికినట్టు.
మర్నాడూ. ఆ మర్నాడూ.
తర్వాతి రోజు ఆమె వెళ్లలేదు.
బల్ల దగ్గరే నిలబడి కోస్తూనే ఉంది.
మా నేల ఎప్పుడూ తడే కదా,
ఉప్పునీళ్లలో అవీ కలిసిపోయాయి.
ముప్ఫయ్యొక్కమందిమి చూశాం.
నేను గొట్టం తీసుకుని నేల కడిగాను.
అది సాయం అనుకున్నాను అప్పట్లో.
ఎవరి కోసం కడిగానో తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రమే కొన్నాను ఈ నోటుపుస్తకం,
చేపల సంత ఎదురుగా పొగాకు కొట్లో.
తేదీ, టైము, అన్నమాట అన్నట్టు, విన్నవాళ్ల పేర్లు.
అంతే. ఒకచోట రాక్షసుడని రాసి కొట్టేశాను.
రాక్షసుడంటే ఎవరూ నమ్మరు,
పదింబావు అని రాస్తే ఆగి చదువుతారు.
మొదట నా రాత ఒక్కటే. ఇప్పుడు పదకొండు రకాల రాతలు,
ఒకటి మరీ కోడికెలుకుడు, దాన్నీ ఉంచాం.

గురువారం కార్మిక తనిఖీ వాళ్లొస్తున్నారు.
ఏమవుతుందో తెలీదు.
ఆయన పోవచ్చు.
ఆయన చోటుకి ఇంకా మెల్లగా మాట్లాడేవాడు రావచ్చు,
వాడి గుండీలు మళ్లీ మొదటి నుంచీ చదువుకోవాలి.

నిన్ను రాయమనడం లేదు, మొదటి రోజే.
ఉప్పు బస్తాల గదిలో పాత రబ్బరు బూట్లు, ఎడమదానిలో.
తెలిసుంటే చాలు.

ఇంకోటి. బయటికెళ్లాల్సి వస్తే
కత్తెర బల్ల మీద పెట్టి వెళ్లు. పరిగెత్తకు.
నీ వెనకే నేనూ వస్తాను,
నాకు అవసరం లేకపోయినా.

విన్నావా, మెట్ల మీద?
ఊఁ. కత్తెర తీసుకో.